గార్డు ఎప్పుడు బిగించారు?

ప్రశ్న: నమస్కారం సార్. మాది బాలానగర్ వైపు చిన్న ప్రెస్ షాపు. ఫ్యాన్లు, స్విచ్ బోర్డులు తయారుచేసే వాళ్లకు రేకు భాగాలు కొట్టి ఇస్తాం. ఆరు పవర్ ప్రెస్సులు, రేకు కత్తిరించే ఒక షియరింగ్ మెషీను, రెండు గ్రైండర్లు, ఒక కంప్రెసర్, డైలు, అంటే రేకుకు ఆకారం ఇచ్చే బరువైన ఇనుప అచ్చులు, ఎత్తడానికి ఒక చైన్ బ్లాకు ఉన్నాయి. పనివాళ్లు ముప్పై నాలుగు మంది. వాళ్లలో సగానికి పైగా ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లే. ఇరవై ఆరేళ్లు షాపు నడిపిన మా నాన్నగారికి నిరుడు పక్షవాతం వచ్చింది. బీకాం చదివి బ్యాంకు పరీక్షలు రాసుకుంటున్న నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడు లైసెన్సు నా పేరు మీదే ఉంది. పాశమైలారం పేలుడు తర్వాత మా దగ్గర అందరికీ తనిఖీల భయం పట్టుకుంది. పోయిన వారం పక్క షెడ్డుకు ఫ్యాక్టరీల శాఖ అధికారి వచ్చి వెళ్లారు. తర్వాత మా వంతేనని అందరూ అంటున్నారు. మా మామయ్య, "ఒక కవరు సిద్ధంగా పెట్టుకో, ఆ రోజు సగం మందికి సెలవు ఇచ్చేయ్, మిగతాది నేను చూసుకుంటాను" అంటున్నారు. ఒక కన్సల్టెంటు నలభై వేలు ఇస్తే మూడేళ్ల రిజిస్టర్లు ఒకేసారి రాసి ఇస్తానంటున్నాడు. ఇంకో సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. పోయిన శ్రావణంలో ఒడిశా కుర్రవాడి చూపుడు వేలి కొస ప్రెస్సులో పోయింది. దగ్గర్లోని నర్సింగ్ హోములో కట్టు కట్టించి, కొంత డబ్బు చేతిలో పెట్టి ఊరికి పంపేశారు. ఏ పుస్తకంలోనూ రాయలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు సార్. ఎక్కడ మొదలుపెట్టాలి?
— పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నీ రాశారు కానీ ఒకటి రాయలేదు. ఆ కుర్రవాడి వేలు పోయిన ప్రెస్సు మీద ఇప్పుడు ఎవరు పనిచేస్తున్నారు? శ్రావణంలో అది ఎలా ఉందో ఇవాళ్టికీ అలాగే ఉందా? తనిఖీ సంగతి తర్వాత చూద్దాం. ముందు షాపులోకి వెళ్లి ఆ ప్రెస్సు మెయిన్ స్విచ్ ఆపించండి. ఫ్యూజులు తీయించి మీ టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేసుకోండి. ఎందుకో చెబుతాను.

చిన్న షాపుల్లో ఎక్కువగా ఉండేవి ఫ్లైవీల్‌తో, అంటే ఊపు నిలిపి ఉంచే బరువైన చక్రంతో, నడిచే పాతరకం ప్రెస్సులు. మీవీ అవే అనుకుంటాను. పెడల్ తొక్కగానే క్లచ్‌లోని కీ పడుతుంది. ఫ్లైవీల్ ఊపు షాఫ్టుకు అందుతుంది. రేకు మీద దెబ్బ వేసే దిమ్మెను రామ్ అంటారు. అది ఒక్కసారి దిగి, పైకి వెళ్లి ఆగాలి. ఆ కీ అంచు అరిగినా, దాన్ని వెనక్కి తెచ్చే స్ప్రింగు సాగిపోయినా రామ్ పైకి వెళ్లి ఆగదు, ఎవరూ తొక్కకుండానే రెండోసారి దిగుతుంది. షాపులో దీన్ని డబుల్ స్ట్రోక్ అంటారు. మొదటి దెబ్బ పడగానే పీసు తీయడానికి పనివాడి వేళ్లు డై లోపల ఉంటాయి. "పరధ్యానంగా ఉన్నాడు, చూసుకోలేదు" అని అందరూ తప్పు అతని మీదికి తోస్తారు. క్లచ్ విప్పి చూసిన వాడు ఉండడు. మీరు విప్పించండి. కీ, స్ప్రింగు, బ్రేకు లైనింగు మూడూ మెకానిక్ చేత చూపించి, ఏమేమి మార్చాడో కాగితం మీద రాయించుకోండి. మోటారు ఆపినా ఫ్లైవీల్ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, అది పూర్తిగా ఆగేదాకా డైలో ఎవరినీ చేయి పెట్టనివ్వకండి.

ఇక తనిఖీ. నేను ఎప్పుడూ అధికారిని కాను. ముప్పై ఏళ్లు తనిఖీ అనగానే గుండె దడదడలాడిన వైపు మనిషిని. ఆ ముప్పై ఏళ్లలో నాకు బాగా గుర్తున్న రోజు ఒకటుంది.

తొంభైల మొదట్లో ఒక ప్రెస్ షాపులో షిఫ్టు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నారని సాయంత్రం ఎవరో మా యజమాని చెవిన వేశారు. రాత్రికి రాత్రి అటక మీది నుంచి పదకొండు గార్డులు, అంటే డైలోకి చేయి పోకుండా ప్రెస్సుకు బిగించే అడ్డు తొడుగులు, దింపించి, బూజు దులిపి, పచ్చరంగు కొట్టి బిగించాం. నేనే దగ్గరుండి బిగించాను. ఉదయం పది గంటలకు ఆయన వచ్చారు. సన్నటి మనిషి, చొక్కా జేబులో స్టీలు స్కేలు. టేబుల్ మీద మేం పేర్చిన ఫైళ్ల వంక కూడా చూడకుండా షాపులోకి నడిచారు. నాలుగో ప్రెస్సు దగ్గర ఆగి, గార్డు మీద వేలు ఆనించి, ఆ వేలు తిప్పి చూసుకున్నారు. పచ్చగా అంటింది. పక్కనే ఉన్న ఆపరేటర్ని మెల్లగా అడిగారు.

"గార్డు ఎప్పుడు బిగించారు?"

"రాత్రి సార్. మీరు వెళ్లాక తీసేస్తారట."

అతని మాటలో ఏ కల్మషమూ లేదు. మా యజమాని ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. "తీసేయడం ఎందుకయ్యా?" అని మళ్లీ అతన్నే అడిగారు. "ఇది ఉంటే చేయి పట్టదు సార్. రోజుకు సగం పీసులే అవుతాయి." మాది పీసు లెక్కన కూలి ఇచ్చే షాపు. గార్డు లేదని, అది ఎందుకు లేదో, యాజమాన్యానికి తెలిసే లేదని ఆయనకు రెండు ప్రశ్నల్లో తేలిపోయింది. మిగిలిన మూడు గంటలూ మేం చూపిన ప్రతి కాగితాన్నీ అనుమానంగానే చదివారు. చదవరా మరి.

అప్పట్లో నాకు ఆ ఆపరేటర్ మీద పీకల దాకా కోపం వచ్చింది. తర్వాత చాలా కాలానికి గానీ అర్థం కాలేదు, అతను మా అందరికంటే తెలివైన మాట చెప్పాడని. గార్డు ఉంటే పని జరగదు. పని జరగనివ్వని గార్డు ఎన్నిసార్లు బిగించినా అటక ఎక్కుతుంది. అందుకని మీరు గార్డులు కొనే ముందు ఒక్కో డైకి ఒక్కో రోజు కేటాయించి, పీసు ఎలా లోపలికి వెళుతోంది, ఎలా బయటికి వస్తోందో దగ్గర నిలబడి చూడండి. పట్టీ రేకు అయితే డై ముందు మూసి ఉండే గార్డు పెట్టి, దానికి రేకు దూరేంత సందు వదిలితే చాలు. రేకు దూరాలి, వేలు దూరకూడదు, అంతే లెక్క. 6 మిల్లీమీటర్లకు మించని సందు అయితే వేలు లోపలికి పోదు. విడివిడి పీసులైతే డై బయట పీసు పెట్టి లోపలికి జరిపే స్లైడు చేయించుకోవచ్చు. అయస్కాంతం ఉన్న పుల్ల, పటకారు లాంటివి కూడా ఇవ్వండి, కానీ గార్డుకు బదులుగా మాత్రం కాదు. పటకారు ఉన్న చేయి కూడా చేయే.

పెడల్‌కు పైన, పక్కన రేకు తొడుగు ఉందో లేదో చూడండి. స్క్రాప్ ముక్క జారి పెడల్ మీద పడి ప్రెస్సు దిగిన సంఘటనలు ఎన్నో. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగే ప్రెస్సు ఏదైనా ఉంటే ఆ బటన్లు రెండూ దగ్గరగా చూడండి. ఒకటి వేలి ముద్రలతో నున్నగా మెరుస్తూ, రెండోది దుమ్ము పట్టి, పక్కన గుడ్డ పీలిక ముడి కనిపిస్తే రెండోదాన్ని నొక్కి కట్టేసి ఒక్క బటను మీదే పని నడుపుతున్నారని అర్థం. ఇది అధికారి కంటికి రెండు సెకన్లలో దొరుకుతుంది. డై మార్చిన ప్రతిసారీ గార్డు తిరిగి బిగించి, సూపర్‌వైజరు చేత్తో కదిలించి చూసి, పలక మీద సంతకం పెట్టాకే ఉత్పత్తి మొదలవ్వాలి. పీసు లెక్క కూలి సంగతి కూడా మీరే ఆలోచించాలి. గార్డు పెట్టిన మొదటి నెల పీసులు తగ్గుతాయి. ఆ నెల పనివాడి కూలి తగ్గకుండా చూస్తేనే గార్డు నిలబడుతుంది.

గ్రైండర్ల దగ్గరికి వెళ్దాం. సాన చక్రం చిన్న వస్తువు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అధికారులు మాత్రం అక్కడ తప్పకుండా ఆగుతారు, ఎందుకంటే అక్కడ నాలుగైదు లోపాలు ఒకేసారి కనిపిస్తాయి. చక్రం గరిష్ఠ సురక్షిత వేగం, షాఫ్టు వేగం, పుల్లీ వ్యాసం రాసిన పలక ప్రతి గ్రైండరు దగ్గరా శాశ్వతంగా ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. పది షాపులు తిరిగితే ఒక్కచోట కూడా ఆ పలక నాకు కనిపించేది కాదు. చక్రం మీది చీటీలో రాసిన వేగం మోటారు వేగం కంటే ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంటే ఆ చక్రం ఎప్పుడో ఒకప్పుడు పగిలి ముక్కలు ఎగురుతాయి. పనిముట్టు ఆనించే దిమ్మకు, చక్రానికి మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించకూడదు. చక్రం అరుగుతూ పోతుంది కాబట్టి దిమ్మను ముందుకు జరుపుతూ ఉండాలి. కొత్త చక్రం బిగించే ముందు వేలికి వేలాడదీసి చెక్క పిడితో తట్టి చూడమనండి. పగులు లేని చక్రం గంటలా మోగుతుంది. పగులు ఉంటే పగిలిన మట్టి కుండలా మొద్దుగా పలుకుతుంది. కళ్లద్దాలు గ్రైండరు పక్కనే మేకుకు వేలాడాలి, స్టోర్‌రూమ్ బీరువాలో కాదు.

కంప్రెసర్ ట్యాంకుకు, చైన్ బ్లాకుకు శాఖ గుర్తించిన సమర్థ వ్యక్తి పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రాలు ఉండాలి. ఎత్తే గొలుసులకు, బ్లాకులకు ఏడాదికి ఒకసారి పరీక్ష. ట్యాంకు పైపై పరీక్ష ఆరు నెలలకు ఒకసారి. ఇక్కడ ఒక చిన్న కథ జరుగుతూ ఉంటుంది. ధ్రువపత్రంలో ట్యాంకు నంబరు ఒకటి, ట్యాంకు మీది నేమ్ ప్లేటులో మరొకటి. లేదా తనిఖీ వస్తోందని రంగు కొట్టించిన ఉత్సాహంలో నేమ్ ప్లేటుకూ రంగు పూసేస్తారు, ఇక ఆ ట్యాంకు ఎవరిదో దేవుడికే తెలియాలి. రంగు కొట్టించకండి. ప్రెషర్ గేజి మీద గరిష్ఠ పీడనం దగ్గర ఎర్రగీత ఉందా, సేఫ్టీ వాల్వు లివరు ఎత్తితే గాలి వదులుతోందా, అడుగున ఉన్న కుళాయి తిప్పి రోజూ నీరు తీస్తున్నారా, ఇవి చూసుకోండి. చైన్ బ్లాకు మీద ఎన్ని టన్నులు ఎత్తవచ్చో చదవగలిగేలా ఉండాలి. మీ అతిపెద్ద డై బరువు ఎంతో మీకు తెలుసా? తెలియకపోతే కాటా వేయించండి.

గోడలు, నీళ్లు, తలుపుల సంగతి త్వరగా చెప్పేస్తాను. సున్నం 14 నెలలకు ఒకసారి. ఆ 14 అనే అంకె ఎవరు ఎలా లెక్కగట్టారో గానీ, వేసిన తేదీ రాసి పెట్టడం మాత్రం మరవకండి. తాగునీటి కుండ మరుగుదొడ్డికి 6 మీటర్లలోపు ఉండకూడదు. దాని మీద 'తాగునీరు' అని పనివాళ్లలో ఎక్కువ మందికి అర్థమయ్యే భాషలో రాయాలి. మీ దగ్గర సగానికి పైగా ఒడిశా, బిహార్ వాళ్లు కదా, మరి గోడ మీద హెచ్చరికలన్నీ ఏ భాషలో ఉన్నాయో ఒకసారి చూడండి. వాళ్ల చేతే ఒడియాలో, హిందీలో రాయించండి. బొమ్మలు వేయిస్తే ఇంకా మంచిది. ప్రథమ చికిత్స పెట్టె మేనేజరు గదిలో తాళం కింద ఉంటుంది, లోపల గడువు తీరిన మందు, ఎండిపోయిన దూది ఉంటాయి. దాన్ని షాపు మధ్యకు తీసుకురండి, ప్రతి షిఫ్టులో ఒకరికి చికిత్స నేర్పించండి. మంటలార్పే సిలిండరు ముందు రేకు కట్టలు పేర్చకండి, దాని ముల్లు పచ్చ భాగంలో ఉండాలి. రాత్రి షిఫ్టులో వెనుక తలుపుకు బయట తాళం వేసే అలవాటు మీ షెడ్డులో ఉంటే ఇవాళ్టి నుంచే మానిపించండి. ప్రెస్ షాపు చప్పుడుకు మాటలు వినపడవు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ పరిమితి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కొనడం తేలిక, పెట్టుకునేలా చేయడం కష్టం. మీరు షాపులో తిరిగేటప్పుడు మీ చెవుల్లో కూడా ఉంటే సగం పని అయిపోతుంది.

మీ నాన్నగారు ఈ ఇరవై ఆరేళ్లలో వెనుక ఒక రేకుల వసారా, పైన ఒక అటక కట్టించి ఉంటారు. అవి శాఖ ఆమోదించిన ప్లానులో ఉన్నాయా అన్నది కూడా విప్పి చూడండి. లేకపోతే సవరించిన ప్లానుకు దరఖాస్తు పెట్టండి.

ఇక మామయ్యగారి సలహా. పెద్దవారు, మీ మీద ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ ఆయన చెప్పిన రెండూ మిమ్మల్ని జైలు గుమ్మం దాకా తీసుకెళ్లేవే. కవరు విషయం చూడండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చామని చెప్పుకోవాలంటే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసి ఉండాలి. ఎవరైనా అడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. అడగకముందే మీరు కవరు తీస్తే, ముందున్నది నిజాయితీపరుడైతే ఆ క్షణం నుంచి మీ షాపులో ప్రతి బోల్టూ లెక్కపెడతాడు. కాకపోతే ఏటా వస్తాడు. పైగా కవరు తీసుకున్న అధికారి సంతకం రేపు ఇంకో వేలు తెగితే మిమ్మల్ని కాపాడుతుందా?

సగం మందిని పంపేయడం ఇంకా పెద్ద పొరపాటు. పనివాళ్లను అధికారి కంట పడకుండా దాచడం, ఆయన ముందుకు రానివ్వకపోవడం 1948 చట్టం పేరు పెట్టి మరీ చెప్పిన నేరం. ఆ చట్టంలో దానికి ఆరు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి. పైగా ఆ దాపరికం నిలవదు. ఈఎస్‌ఐ, పీఎఫ్ చలానాల్లో ముప్పై నాలుగు పేర్లుంటే షాపులో పదిహేడు మంది కనిపిస్తారు. ఒక అధికారి పనివాళ్లను వదిలేసి గోడవారన ఉన్న టిఫిన్ క్యారియర్లు లెక్కపెట్టడం నేను కళ్లారా చూశాను.

అసలు మామయ్యగారి లెక్క ఏమిటో నేను ఊహించగలను. 2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేది పాత లెక్క, ఇరవై మంది అనేది కొత్త లెక్క. సగం మందిని దాస్తే పదిహేడు. అక్కడికి చేరుకోవాలనే కదా? మీకు ముప్పై నాలుగు మంది ఉన్నారు, ఏ లెక్కలో చూసినా మీది ఫ్యాక్టరీయే. కొత్త కోడ్ పూర్తిగా కుదురుకునేదాకా పాత నియమాలు, దానికి విరుద్ధం కానంత మేరకు, నడుస్తూనే ఉంటాయి. కాబట్టి నేను పైన చెప్పిన యంత్రాల సంగతులేవీ పాతబడలేదు. కొత్తగా మీరు చేయాల్సిన వాటిలో ఒకటి, ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వడం. వచ్చే అధికారిని ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అంటున్నారు, అంటే తప్పు పట్టడంతో పాటు ఎలా దిద్దుకోవాలో చెప్పడమూ ఆయన పనే. మొహమాటం లేకుండా అడగండి. ఇంకో మాట. 'ఆక్యుపయర్'గా, అంటే చట్టం దృష్టిలో ఫ్యాక్టరీకి పూర్తి బాధ్యత ఉన్న వ్యక్తిగా, మీ పేరుండడం ఉత్త కాగితం వ్యవహారం కాదు. భోపాల్ తర్వాత 1987లో చేసిన సవరణతో, కంపెనీ అయితే డైరెక్టరు, భాగస్వామ్యమైతే భాగస్వామి నేరుగా బాధ్యులయ్యారు. 'మేనేజరు చూసుకుంటాడనుకున్నాను' అనే మాట ఇక చెల్లదు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీ అయినా మీ ప్రెస్సు మీద కూర్చుంటే వాడి వేళ్లకు మీరే పూచీ.

కన్సల్టెంటు నలభై వేల బేరం గురించి. మూడేళ్ల రిజిస్టర్లు ఒకే వారంలో రాస్తే అవి ఒకే సిరాతో, ఒకే చేతివ్రాతతో, ఒకే వత్తుతో ఉంటాయి. తొమ్మిది వందల రోజుల హాజరులో ఒక్కరు కూడా ఆలస్యంగా రాని ఫ్యాక్టరీని నమ్మే అమాయకుడు ఆ శాఖలో ఎవరూ లేరు. లేని రిజిస్టరు ఒక లోపం, దానికి నోటీసు వస్తుంది. సృష్టించిన రిజిస్టరు మోసం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. ఇవాళ్టి తేదీ వేసి, ఇవాళ్టి నుంచి రాయండి. మొదటి పేజీలో "ఈ రిజిస్టరు ఈ తేదీ నుంచి కొత్తగా నిర్వహిస్తున్నాం" అని మీ సంతకంతో రాయండి. అది చూసి పళ్లు కొరికిన అధికారిని నేను చూడలేదు. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, ఓవర్‌టైమ్ ఒకదానితో ఒకటి కలవాలి. వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి. హాజరులో రాత్రి పది దాకా పని ఉండి, జీతాల్లో ఓవర్‌టైమ్ గడి ఖాళీగా ఉంటే మీ లెక్క మీరే తప్పని ఒప్పుకున్నట్టు.

ఆ రోజు సంగతి. ముందుగా చెప్పి రావలసిన అవసరం అధికారికి లేదు, ఏ ఫ్యాక్టరీకి ఎవరు వెళ్లాలో ఇప్పుడు కంప్యూటరు తేల్చుతోంది. వచ్చినప్పుడు గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడగవచ్చు, అది అవమానం కాదు. టీ ఇవ్వండి. గంట కొట్టి యంత్రాలు ఆపించకండి, అవి నడుస్తుండగా చూడడానికే ఆయన వచ్చారు. మీరు, మీ సూపర్‌వైజరు, యంత్రాలు బాగా తెలిసిన ఒక పాత ఆపరేటరు వెంట నడవండి. మామయ్యగారిని ఆ రోజు ఇంట్లోనే ఉండమనండి. మీ చేతిలో నోటు పుస్తకం ఉండాలి. ఆయన ఎక్కడ ఆగారు, ఏమి అన్నారు, ఏ ఫొటో తీశారు, అన్నీ రాసుకుని మీరు కూడా అదే ఫొటో తీసుకోండి. తెలియనిదానికి "తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అనండి. తెలియకుండా చెప్పిన జవాబు తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. ఆయన పనివాడితో మాట్లాడుతుంటే మీరు నాలుగు అడుగులు దూరంగా నిలబడండి, కళ్లతో సైగలు చేయకండి. ఏదైనా వాంగ్మూలం మీద సంతకం పెట్టమంటే చదివాకే, మీకు అర్థమయ్యే భాషలోనే పెట్టండి. తనను తానే నేరంలో ఇరికించుకునే జవాబు ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టకూడదని పాత చట్టంలోనే ఉంది. అక్కడికక్కడే దిద్దగలిగిన చిన్న లోపం కనిపిస్తే, వాదించకుండా ఆయన ముందే దిద్దండి. ఒక ప్రెస్సు ఆపమని చెబితే ఆపండి. అది మళ్లీ ఎప్పుడు, ఏ షరతు మీద నడపవచ్చో రాతపూర్వకంగా అడగండి.

తర్వాత నోటీసు వస్తే భయపడకండి, ఏ లోపమూ రాయని నివేదిక నేను ఈ ముప్పై ఏళ్లలో చూడలేదు. ఒక్కో లోపానికి ఎదురుగా ఏమి చేశారు, ఏ తేదీన, బిల్లు, ఫొటో, ఇంకా మిగిలింది ఏ తేదీకి అవుతుందో రాసి గడువులోపు పంపండి. 'త్వరలో' అనే మాట ఆ జవాబులో ఎక్కడా ఉండకూడదు.

ఇక ఆ కుర్రవాడు. పని మీద గాయపడి 48 గంటలు గానీ అంతకు మించి గానీ పనికి రాలేకపోతే శాఖకు తెలియజేయాలి. మీరు తెలియజేయలేదు. ఎన్నో నెలలు గడిచాయి కదా అని అనుకోకండి. కేసు వేసే గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి కాదు, అధికారికి తెలిసిన రోజు నుంచి లెక్క. ఈ ఒక్క విషయానికి కార్మిక చట్టాలు తెలిసిన లాయరు దగ్గర గంటసేపు కూర్చోండి. నా సలహా మాత్రం, ప్రమాదాల రిజిస్టరులో ఇవాళ్టి తేదీతో, ఆ రోజు జరిగింది జరిగినట్టు, ఆలస్యం అయిందని ఒప్పుకుంటూ రాసి, మీరే ముందుగా తెలియజేయండి. తనిఖీలో బయటపడే నిజం వేరు, మీరే చేతికిచ్చే నిజం వేరు. పాత తేదీ మాత్రం వేయకండి. నర్సింగ్ హోము బిల్లు మీద అసలు తేదీ ఉంటుంది.

అన్నిటికంటే ముందు అతనికి రావలసింది లెక్కగట్టండి. చూపుడు వేలి కొస ఎముక పోకుండా తెగితే సంపాదన శక్తిలో 5 శాతం, ఒక కణుపు పోతే 9 శాతం నష్టంగా చట్టం పట్టికలో ఉంది. అతను ఈఎస్‌ఐలో ఉంటే ప్రమాద నివేదిక పంపి, మెడికల్ బోర్డు ముందుకు తీసుకువెళితే దాని మీద జీవితాంతం భత్యం వస్తుంది. ఈఎస్‌ఐలో పేరు ఎక్కించలేదంటే అది మీ మరో తప్పు, ఆ భారం మీ మీదే పడుతుంది. చేతిలో పెట్టిన డబ్బు ఆ హక్కును కొనేయలేదు. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించుకుని ఉన్నా అది చెల్లదు.

అతని ఫోను నంబరు మీ సూపర్‌వైజరు దగ్గర ఉంటుంది, లేకపోతే అతనితో పాటు అదే ఊరి నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఉంటుంది. మీరే ఫోను చేయండి. ఒడియా మాట్లాడే వాళ్లు మీ షాపులో ఉన్నారు కదా, ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.